తాకిడి నుంచి భావానికి: జపనీస్ ధ్వన్యనుకరణ పదాల లాక్షణికార్థాలు

ధ్వన్యనుకరణ పదాలు భాషకు అలంకారమా, లోపమా అన్న ప్రశ్న జపనీస్ సాహిత్యంలో గట్టిగానే చర్చకు వచ్చింది. మియజవా కెంజి (1896–1933) తన కథలలోనూ కవితలలోనూ నిఘంటువులకెక్కని ధ్వనిపదాలను స్వయంగా సృష్టించి వాడాడు. మిషిమా యుకియో ఇందుకు భిన్నమైన వైఖరి తీసుకున్నాడు. 1959లో వెలువడిన ‘బున్‌షో తొకుహోన్’ అనే రచనాశైలీ గ్రంథంలో ఆయన ఈ పదాల పట్ల విముఖతను ప్రకటించాడు. సంభాషణకు జీవం పోసినా ఇవి రచనను చౌకబారుగా మారుస్తాయనీ, ఇతర పదాలకున్న అమూర్తత వీటికి లేదనీ ఆయన అభ్యంతరం. ఈ రెండో మాట పరీక్షకు నిలుస్తుందా అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం. అందుకు బరువైన తాకిడిని తెలిపే పదాలను ఆధారంగా తీసుకోవడం సమంజసం. శబ్దానికి అత్యంత సన్నిహితంగా కనిపించే పదాలే అమూర్తార్థాన్ని మోయగలిగితే, ఆ అభ్యంతరానికి బలం తగ్గుతుంది.

జపనీస్ వ్యాకర్తలు ఇటువంటి పదాలను స్థూలంగా రెండు తెగలుగా విభజిస్తారు. వినిపించే శబ్దాన్ని అనుకరించేది ‘గిఓన్‌గో’. శబ్దం లేని స్థితిని, తీరును స్ఫురింపజేసేది ‘గితైగో’. తాకిడి పదాలు ఈ రెండు తెగల మధ్య నిరంతరం రాకపోకలు సాగిస్తాయి. ఆ రాకపోకలకు ఒక క్రమం ఉంది.

మొదటి సూత్రం ఆద్యక్షరానిది. ‘తొన్’ తేలికగా తట్టిన చప్పుడు, ‘దొన్’ బరువుగా మోదిన చప్పుడు. ‘కొన్’, ‘గొన్’ జంటలోనూ ఇదే భేదం. తెలుగు వ్యాకరణం సరళాలు అని పేరు పెట్టిన వర్ణాలే ఇక్కడ బరువును మోస్తాయి. పరుషాలు తేలికదనానికి గుర్తులవుతాయి. జపనీస్ లిపి ఈ భేదాన్ని కంటికి కూడా చూపుతుంది. ‘తొ’ అక్షరం పక్కన రెండు చిన్న గీతలు చేరిస్తే అదే ‘దొ’ అవుతుంది. ప్రాచీన జపనీస్ దేశిపదాల ఆదిలో సరళాలు సాధారణంగా రావు. అయినా ధ్వన్యనుకరణ పదాలకు ఆ నియమం అడ్డు కాలేదు.

రెండో సూత్రం తాకిన వస్తువు స్వభావానిది. హమానో షోకో 1998లో ప్రచురించిన ధ్వనిప్రతీకవాద గ్రంథంలో క-వర్ణాన్ని గట్టి ఉపరితలానికీ, త-వర్ణాన్ని బిగువులేని ఉపరితలానికీ సంబంధించినవిగా వివరించింది. ఆ ప్రకారం ‘గత్సున్’ గట్టి వస్తువు గట్టి వస్తువును ఢీకొన్న తాకిడి. ‘దొసున్’ బరువైనది మందంగా నేలకు చేరిన చప్పుడు. మూడో సూత్రం పదాంతానిది. చివర నకారం ఉంటే అది ఒక ఘటన: తాకిడి జరిగింది, దాని ప్రకంపన మిగిలింది. మధ్యలో ద్విత్వం వచ్చి చివర ‘రి’ చేరితే తరచుగా ఘటన ముగిసి స్థితి మిగులుతుంది.

లాక్షణికార్థాలు ఈ మూడు సూత్రాల కలయిక నుంచే పుడుతున్నాయి. ‘గత్సున్’ అని చెప్పడమంటే ఎదుటివాడికి తగిలేలా మందలించడం. తలకు దెబ్బ తగిలినట్లున్న దిగ్భ్రాంతికీ ఇదే పదం. కామిక్ పుస్తకాలలో పాత్ర నిశ్చేష్టమైనప్పుడు కనిపించే ‘గాన్’ లోహాన్ని మోదిన ధ్వని. అందులోని దీర్ఘం ఆ దిగ్భ్రాంతి ఎంతసేపు మోగుతోందో చెబుతుంది. ఎదుటివారి మాట ఎదలో బరువుగా దిగితే ‘జుషిన్’ అంటారు. బాధ్యత భుజాలపై మోపిన భారం ‘జుషిరి’. ‘దొష్షిరి’ అంటే చలించని నిబ్బరం, స్థిరంగా కూర్చున్న గాంభీర్యం. ‘గష్షిరి’ దృఢమైన దేహనిర్మాణం. ‘దొస్సరి’ పుష్కలంగా ఉండటం. కాఠిన్యానికి ఘటన తోడైతే దిగ్భ్రాంతి, అదే కాఠిన్యానికి స్థితి తోడైతే దార్ఢ్యం. ‘గత్సున్’, ‘గష్షిరి’ పదాలను పక్కపక్కన ఉంచితే ఈ సంగతి స్పష్టమవుతుంది. ద్విరుక్తి మరో దారి తెరుస్తుంది. ‘దొన్‌దొన్’ తలుపు బాదే చప్పుడే అయినా, పని ఆగకుండా ముందుకు సాగుతోందని చెప్పడానికే ఎక్కువగా వాడతారు.

‘దొష్షిరి’లో వినదగిన శబ్దమేదీ లేదు. తాకిడి అందులో గతం, మిగిలింది గుణం. శబ్దాన్ని విడిచి గుణాన్ని నిలుపుకోవడాన్ని అమూర్తీకరణ కాదనడం కష్టం. మిషిమా అభ్యంతరం శైలి విషయంలో రుచిభేదంగా నిలవవచ్చు గాని, అర్థవిషయకమైన తీర్పుగా నిలవదు. ధ్వనిపదం నామవాచకంగా స్థిరపడటానికి ‘కబెదొన్’ ఇటీవలి ఉదాహరణ. పొరుగింటి గోల భరించలేక గోడను మోదడాన్ని తెలిపిన ఈ మాట, కామిక్ పుస్తకాల ప్రేమకథల ద్వారా, నాయకుడు గోడకు చేయి ఆన్చి నాయికను నిలువరించే భంగిమకు పేరై, 2014లో ఆ ఏటి కొత్తమాటల మేటి పదింటిలో చేరింది.

ఈ పదాలను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు వ్యాకరణం అనువాదకుడికి అనుకూలంగానే ఉంటుంది. భారతీయ భాషల ధ్వన్యనుకరణ పదాలలోని ప్రాంతీయ సామ్యాన్ని ఎం. బి. ఎమెనో 1969లో నిరూపించాడు. ఆ పరిధికి వెలుపలిదైన జపనీస్‌లోనూ తెలుగును తలపించే నిర్మాణం ఉంది. పరోక్తిని తెలిపే ‘తొ’ ప్రత్యయమే అక్కడ ధ్వనిపదాన్ని వాక్యానికి అతుకుతుంది. తెలుగులో ‘దభీమని’, ‘ఖంగుమని’ వంటి పదాలలో ‘అని’ చేసే పని అదే. దేశిపదాలలో సహజంగా లేని మహాప్రాణాలను తెలుగు ధ్వనిపదాలు బరువు కోసం ఆశ్రయించడం కూడా జపనీస్ ఆద్యక్షర సరళాలను గుర్తుకు తెస్తుంది.

చిక్కంతా లాక్షణికార్థంలో ఉంది. దిగ్భ్రాంతికి తెలుగులో కొరత లేదు: గుండె గుభేలుమంటుంది, మనిషి ఖంగుతింటాడు. కానీ నేలకు చేరిన బరువును తెలుగు ఎక్కువగా పతనంగానే చూస్తుంది. ధరలు దభీమని పడిపోతాయి, ప్రయత్నం చతికిలబడుతుంది. ‘దొష్షిరి’లో కూలబడటం కుదురుకోవడం అయింది, తెలుగులో అది ఓటమి అయింది. అందువల్ల ‘దొష్షిరి’ని ధ్వనిపదంతోనే అనువదించాలని పట్టుబడితే అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ‘నిబ్బరంగా’, ‘దిటవుగా’ వంటి మాటలు అక్కడ ధ్వనిని వదులుకున్నా భావాన్ని కాపాడతాయి. ‘గత్సున్’ విషయంలో ధ్వనిపదాన్ని వదులుకోవడమే నష్టం. ‘తీవ్రంగా మందలించాడు’ అన్న వాక్యంలో దెబ్బ వినిపించదు.

ధ్వనికి ధ్వనినే ప్రతిగా నిలపడం గాని, ధ్వనిని పూర్తిగా విడిచి భావాన్ని మాత్రమే చెప్పడం గాని అన్నిచోట్లా చెల్లే అనువాదసూత్రం కాదు. ఘటనను తెలిపే పదానికి తెలుగు ధ్వనిపదం తగినది. స్థితిని తెలిపే పదానికి గుణవాచకం తగినది. ఈ విచక్షణకు ఆధారం ఆ పదాల నిర్మాణంలోనే ఉంది. అనుకరణ శబ్దాలను నిఘంటువు అంచులలో ఉంచి ‘ఒకానొక ధ్వని’ అన్న వివరణతో సరిపెట్టే పద్ధతి ఈ నిర్మాణాన్ని మరుగుపరుస్తుంది. తెలుగు ధ్వనిపదాలను సైతం ఆద్యక్షరం, ద్విత్వం, పదాంతం అన్న మూడు కోణాల నుంచి వర్గీకరించి, వాటి లాక్షణికార్థాలతో సహా నమోదు చేయవలసి ఉంది. అప్పుడే గుభేలుమన్న గుండెకూ చతికిలబడిన ప్రయత్నానికీ మధ్య తెలుగు పాటించిన అర్థక్రమం ఏమిటో తేలుతుంది.