ఔసలి గీటురాయి

సముద్రగర్భం నుంచి తీసిన స్పానిష్ బంగారు కడ్డీలను సేకరించేవారికైనా, మెదక్ పట్టణంలో నగలు చేసే ఔసలికైనా ముందుగా తేలవలసింది బంగారం వన్నె, అంటే అందులోని స్వచ్ఛత. 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగి, 1985లో ప్రధాన సంపద బయటపడిన అటోచా ఓడలోని కడ్డీల మీద వన్నెను తెలిపే రోమన్ అంకెలు, రాజుకు చెల్లించిన ఐదోవంతు పన్ను ముద్రలు, పరీక్షకుడు మచ్చు కోసం చెక్కిన గంట్లు కనిపిస్తాయి.

ఔసలి మాత్రం నగను కోయకుండానే, గీటురాయి అనే నున్నని నల్లరాతిపై దాన్ని గీసి, పక్కనే వన్నె తెలిసిన బంగారంతో మరో గీటు గీసి, రెండింటి రంగును పోల్చి, వాటిపై ఆమ్లపు చుక్క వేస్తాడు. ఆమ్లం రాగిని, వెండిని కరిగిస్తుంది గనుక, గీటు ఎంత నిలిచిందో చూసి కల్తీని అంచనా కడతాడు. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారమైతే అది 22 క్యారెట్లు, వెయ్యి పాళ్ల లెక్కలో 916.

ఆకురాయి రాల్చిన రజను, కుంపటి బూడిద, కొట్టు ఊడ్చిన దుమ్ము కూడా ఈ వృత్తిలో చెత్త కావు. వాటిని నీటిలో కడిగి, జాలించి, బంగారాన్ని వేరుచేసే జలగడుగువారి నేర్పు ఓడల అన్వేషకుల ఓపికకు తీసిపోదు.

2021 జూన్ నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయినా, ముద్ర లేని పాత నగల విషయంలో గీటురాయి అక్కర తీరలేదు. అటువంటి నగను మార్చుకునేవారు తూకంతోపాటు గీటునూ తమ కళ్లముందే వేయించుకోవాలి.