వాదంలో జయాపజయ నిర్ణయం: న్యాయశాస్త్ర దృష్టితో పాఠశాల చర్చాపోటీల మూల్యాంకనం – ఒక పరిశీలన

సంగ్రహం:
పాఠశాల చర్చాపోటీలో న్యాయనిర్ణేత దేనిని కొలుస్తున్నాడు, దేనిని కొలవాలి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతంలోని అవధాన, వాద సంప్రదాయాలను, గౌతముని న్యాయసూత్రాలలోని నిగ్రహస్థాన విచారణను, అమెరికా ఉన్నత పాఠశాలల్లోని పాలసీ డిబేట్ నిర్ణయపద్ధతిని పక్కపక్కన ఉంచి చూస్తుంది. నిర్ణేత తన జ్ఞానాన్ని వాదంలో ఎంతవరకు ప్రవేశపెట్టవచ్చు అన్న వివాదానికి వాత్స్యాయన భాష్యంలో ఆధారపడదగిన హద్దు ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాదం, జల్పం, నిగ్రహస్థానం, పరిషత్తు, అవధానం, పాలసీ డిబేట్, యువజన పార్లమెంటు, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం:
వాదానికి ఇద్దరు చాలు. జయాపజయ నిర్ణయానికి మూడవవాడు కావాలి. ఆ మూడవవానిని సంప్రదాయం మధ్యస్థుడనీ, ప్రాశ్నికుడనీ పిలిచింది. నేటి పాఠశాల న్యాయనిర్ణేత అంటున్నది. పేరు మారినంత సులభంగా పని కూడా మారిపోయిందన్న విషయం మాత్రం అంతగా గుర్తింపు పొందలేదు.

తెలుగునాట పాఠశాల చర్చాపోటీ అనగానే “కత్తి గొప్పదా, కలం గొప్పదా?”, “పల్లె జీవితమా, పట్టణ జీవితమా?” వంటి అంశాలు గుర్తుకు వస్తాయి. అనుకూలంగా కొందరు, ప్రతికూలంగా కొందరు మాట్లాడతారు. నిర్ణేత చేతిలోని పట్టికలో సాధారణంగా విషయ పరిజ్ఞానం, భాష, ఉచ్చారణ, హావభావాలు, సమయపాలన అన్న గడులు ఉంటాయి. చివరకు ప్రతి పక్షం నుంచి ఒక ఉత్తమ వక్త ఎంపికవుతాడు. ఏ పక్షం నెగ్గింది అన్న ప్రశ్న తరచుగా ఎవరూ అడగరు. ముందు మాట్లాడిన విద్యార్థి చేసిన ప్రతిపాదనకు తరువాతి విద్యార్థి బదులు చెప్పాడా లేదా అన్నదానికి ఆ పట్టికలో గడి ఉండదు. గడి లేని గుణాన్ని విద్యార్థి అభ్యసించడు. కంఠస్థం చేసిన ప్రసంగాన్ని తడబడకుండా అప్పజెప్పడమే చర్చగా పరిణమించడానికి మూలకారణం విద్యార్థిలో లేదు, మూల్యాంకనంలో ఉన్నది.

2. డెల్టా సభాసంప్రదాయం – రెండు నమూనాలు:
కృష్ణా డెల్టాకు సభాపరీక్ష కొత్త కాదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ అక్కడ ఆయన శిష్యులు. అంటే అవధానసభను తెలుగుదేశమంతటా వ్యాపింపజేసిన కవి, ఉన్నత పాఠశాల తరగతి గదిలో పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు ఒక్కరే. అందువల్ల పాఠశాల మూల్యాంకనానికి అవధానాన్ని పోల్చి చూడడం అసంగతం కాదు.

అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, అప్రస్తుత ప్రసంగం మొదలైన అంశాలకు వేర్వేరు పృచ్ఛకులు ఉంటారు. పృచ్ఛకుడు ఏకకాలంలో ప్రతిపక్షి, పరీక్షకుడు కూడా. అతడు అడ్డుపడతాడు, అడ్డును దాటినదీ లేనిదీ కూడా అతడే చెబుతాడు. అయినా పక్షపాత దోషం పెద్దగా తలెత్తదు. నిషేధించిన అక్షరం పడిందా, యతి తప్పిందా, ఇచ్చిన నాలుగు పదాలూ పద్యంలో ఇమిడాయా, ధారణలో పాదం జారిందా అన్నవి సభలో ఉన్న ఛందోజ్ఞులందరూ సరిచూడగలిగినవి. ప్రమాణం బహిరంగంగా ఉన్నచోట నిర్ణేత అభిరుచికి అవకాశం తక్కువ.

దీనికి భిన్నమైన నమూనా కూడా అదే కవుల చరిత్రలో కనిపిస్తుంది. తమను గెలిచినవారికి మీసాలు తీసి మొక్కుతామన్న వారి సవాలు సుప్రసిద్ధం. ఆ సవాలులో పందెం ఉన్నది, ప్రతిపక్షానికి ఆహ్వానం ఉన్నది. ఉభయులూ అంగీకరించిన మధ్యస్థుడు లేడు. కొప్పరపు సోదరకవులతోను, వేంకట రామకృష్ణ కవులతోను వచ్చిన వివాదాలు సభ నుంచి అచ్చుపుస్తకాలలోకి పాకాయి. ‘గీరతము’ వంటి గ్రంథాలు ఆ వివాదాల ఫలితమే. ఈ ఖండన ప్రతిఖండనలు సాహిత్యానికి పద్యాలను, వ్యాకరణ చర్చలను ఇచ్చాయి గానీ తీర్పును ఇవ్వలేదు. నిర్ణేత లేని వాదం ముగియదని, ఓపిక తగ్గినప్పుడు ఆగుతుందని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.

3. శాస్త్రంలో పరిషత్తు, నిగ్రహస్థానం:
న్యాయసూత్రాలు కథను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించాయి. ప్రమాణ తర్కాలతో తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం ఛల, జాతి, నిగ్రహస్థానాలను కూడా వినియోగించేది జల్పం. తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని మాత్రమే కూల్చేది వితండ. పోటీ అన్న ప్రతిదీ స్వభావరీత్యా జల్పమే. విద్యాసంస్థ దానిని వాదం వైపు నడిపించగలగాలంటే ఆ భారం నిర్ణేతపై పడుతుంది.

న్యాయసూత్రాల ఐదవ అధ్యాయం ఓటమికి 22 నిగ్రహస్థానాలను లెక్కించింది. వీటిలో నాలుగు నేటి చర్చాపోటీకి నేరుగా వర్తిస్తాయి. ప్రతిపక్షి మూడుసార్లు చెప్పినదీ, పరిషత్తుకు అర్థమైనదీ అయిన వాదాన్ని తిరిగి అనువదించి చెప్పలేకపోవడం అననుభాషణం. మూడుసార్లు చెప్పినా ప్రతిపక్షికీ పరిషత్తుకూ అర్థం కాకుండా మాట్లాడడం అవిజ్ఞాతార్థం. తనపై వచ్చిన దోషాన్ని తొలగించకుండా “నీలోనూ ఆ దోషమే ఉన్నది” అనడం మతానుజ్ఞ. అది దోషాన్ని ఒప్పుకోవడమే. ఎదుటివాడు నిగ్రహస్థానంలో పడినా గుర్తించి చెప్పకపోవడం పర్యనుయోజ్యోపేక్షణం. ఈ జాబితాలో కంఠస్వరానికీ హావభావాలకూ స్థానం లేదు. ఉన్నదంతా ఒక మాటకూ మరొక మాటకూ మధ్యనున్న సంబంధం.

చరకసంహిత విమానస్థానం మరొక మెట్టు పైకి వెళ్లి నిర్ణేతలనే వర్గీకరించింది. పరిషత్తు జ్ఞానవతి, మూఢ అని రెండు విధాలు. ఒక్కొక్కటి సుహృత్తు, ఉదాసీనం, ప్రతినివిష్టం అని మూడేసి విధాలు. పండితులతో నిండినదైనా విరోధభావం పూనిన పరిషత్తులో వాదానికి దిగరాదని చరకుని హెచ్చరిక. నిర్ణేతకు జ్ఞానం ఒక్కటే అర్హత కాదన్న గ్రహింపు ఇందులో ఉన్నది.

4. పాలసీ డిబేట్ నిర్ణయపద్ధతి:
అమెరికా ఉన్నత పాఠశాలల్లో పాలసీ డిబేట్‌కు దీర్ఘచరిత్ర ఉన్నది. అక్కడి జాతీయ సంస్థ 1925లో నేషనల్ ఫోరెన్సిక్ లీగ్ పేరుతో ఏర్పడింది. ఏడాది పొడవునా దేశమంతటికీ ఒకే తీర్మానం. ఇద్దరేసి సభ్యుల రెండు జట్లు తలపడతాయి. 8 నిమిషాల స్థాపన ప్రసంగాలు నాలుగు, 3 నిమిషాల ప్రతిప్రశ్నలు నాలుగు, 5 నిమిషాల ఖండన ప్రసంగాలు నాలుగు కలిపి 64 నిమిషాలు. సన్నాహక విరామాలు దీనికి అదనం.

నిర్ణేత వాదాలను నిలువు వరుసలుగా రాసుకుంటాడు. ప్రతి వాదానికీ ఎదురుగా దాని సమాధానం, దాని పక్కన ప్రతిసమాధానం నమోదవుతాయి. దీనిని ఫ్లో అంటారు. సమాధానం లేని వాదం అంగీకరించినట్టే లెక్క. చివర నిర్ణేత రెండు వేర్వేరు పనులు చేస్తాడు: ఒక జట్టును విజేతగా ప్రకటిస్తాడు, ఒక్కొక్క వక్తకు విడిగా వక్తృత్వ పాయింట్లు ఇస్తాడు. పాయింట్లు తక్కువ వచ్చిన జట్టు కూడా వాదబలంతో గెలవవచ్చు. తీర్పుకు కారణాన్ని రాసి ఇవ్వడం ఆచారం.

నిర్ణేతలందరిదీ ఒకే దృష్టి కాదు. సమస్య తీవ్రత, ప్రస్తుత వ్యవస్థ దానిని తీర్చలేకపోవడం, ప్రతిపాదన పరిష్కరించే శక్తి వంటి మూలాంశాలలో ఏది కూలినా ప్రతిపాదక జట్టు ఓడిందనేవారు ఒక వర్గం. శాసనకర్తలా లాభనష్టాలను తూచేవారు మరొక వర్గం. ఖాళీ పలకలా కూర్చుని ఆ గదిలో పలికినదానినే పరిగణించే ‘టాబ్యులా రాసా’ నిర్ణేతలు ఇంకొక వర్గం. తన దృష్టి ఏదో నిర్ణేత ముందుగానే రాసి ప్రకటించే అలవాటు ఉండడం వల్ల విద్యార్థి చరకుడు చెప్పిన పరిషత్ పరీక్షను చేసుకోగలుగుతున్నాడు.

ఈ పద్ధతి నిర్దోషం కాదు. బదులు లేని వాదం నెగ్గినట్టేనన్న నియమం, వీలైనన్ని వాదాలను గుప్పించే ప్రలోభానికి దారితీసింది. మామూలు శ్రోతకు అందని వేగంతో చదవడం అక్కడి పోటీలలో పాతుకుపోయింది. న్యాయశాస్త్ర పరిభాషలో ఇది అవిజ్ఞాతార్థానికి అంచున నిలిచిన ప్రసంగం. శిక్షణ పొందిన నిర్ణేతకు అర్థమవుతున్నది కనుక దోషం కాదని సమర్థించవచ్చు. కాని పౌరసమాజంలో పరిషత్తు అంటే శిక్షితులైన కొద్దిమంది మాత్రమే కాదు.

5. ఉదాహరణ – కొల్లేరు తీర్మానం:
ఈ ప్రమాణాల బలాబలాలను డెల్టాకు చెందిన ఒక విధాన ప్రశ్నపై పరీక్షించవచ్చు. కొల్లేరును 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లను ధ్వంసం చేశారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. ఈ తగ్గింపే ఒక పాఠశాల పోటీలో తీర్మానమనుకుందాం.

ప్రతిపాదక జట్టు మూడు, ఐదు కాంటూర్ల మధ్యనున్న జిరాయితీ భూముల రైతుల జీవనాధారాన్ని చూపుతుంది. ప్రతిపక్షం హద్దు మార్చకుండానే పరిహారం ఇవ్వవచ్చునని ప్రత్యామ్నాయాన్ని ప్రతిపాదిస్తుంది. దానికి తోడు, బుడమేరు నీరు కొల్లేరులోకే చేరుతుంది గనుక సరస్సు కుదిస్తే 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినట్టే మళ్లీ మునుగుతుందని హెచ్చరిస్తుంది. ప్రతిపాదక జట్టు ఈ హెచ్చరికకు బదులు చెప్పడం మరచిపోతుంది.

నిర్ణేత విజయవాడవాసి. నాటి ముంపులో నగరానికి ఎగువన బుడమేరు మళ్లింపు కాలువకు పడిన గండ్ల పాత్ర అతనికి తెలుసు. ఆ జ్ఞానాన్ని అతడు తీర్పులో వాడవచ్చునా? ఖాళీ పలక సిద్ధాంతం వాడరాదంటుంది. హెచ్చరిక బదులు లేక నిలిచింది గనుక ప్రతిపక్షం గెలిచినట్టే. శాసనకర్త దృష్టి వాడవచ్చునంటుంది. అప్పుడు ప్రతిపాదక జట్టు చెప్పని సమాధానాన్ని నిర్ణేత చెప్పినట్టవుతుంది. మొదటిదానిలో తప్పుడు హేతువు గెలుస్తుంది. రెండవదానిలో మాట్లాడనివాడు గెలుస్తాడు.

పర్యనుయోజ్యోపేక్షణంపై వాత్స్యాయనుని వివరణ ఇక్కడ దారి చూపుతుంది. నిగ్రహంలో పడినవాడు తన దోషాన్ని తానే బయటపెట్టడు, ఎదుటివాడు గమనించలేదు. కనుక ఎవరు ఓడారని అడిగినప్పుడు దానిని పరిషత్తే చెప్పాలని ఆయన భావం. పరిషత్తు మౌనసాక్షి మాత్రమే కాదు. అయితే అది చూపవలసినది సభలో పలికిన మాటలో ఉన్న దోషాన్ని. సభలోకి రాని ప్రమాణాన్ని తెచ్చి ఒక పక్షానికి ఇవ్వడం గురించి ఇక్కడ మాట లేదు.

ఈ భేదాన్ని ఉదాహరణకు అన్వయిస్తే చిక్కు విడుతుంది. బుడమేరు కొల్లేరులో కలుస్తుంది, విజయవాడ మునిగింది అన్న రెండు వాక్యాలను పక్కన పెట్టినంత మాత్రాన సరస్సు కుదింపుకూ నగర ముంపుకూ కార్యకారణ సంబంధం సిద్ధించదు. ఈ లోపం ప్రసంగంలోనే ఉన్నది. గండ్ల సంగతి తెలియని నిర్ణేత కూడా దానిని చూడగలడు. కనుక హెచ్చరికకు తక్కువ విలువ ఇవ్వవచ్చు. అదే సమయంలో దానిని పట్టుకోలేకపోయిన ప్రతిపాదక జట్టుది ఉపేక్షాదోషం. ఆ అంశంలో వారికి లాభమేమీ రాదు. తీర్పు పరిహార ప్రత్యామ్నాయంపై జరిగిన పరస్పర ఖండనలను ఆశ్రయించి రావాలి. గండ్ల విషయం నిర్ణేత తీర్పులో రాకూడదు; తీర్పు తరువాత విద్యార్థులకు చెప్పే సలహాలో తప్పక రావాలి.

6. స్థానిక మూల్యాంకనం – యువజన పార్లమెంటు:
విధాన చర్చకు మన పాఠశాలల్లో సమీపరూపం యువజన పార్లమెంటు. 1966–67లో ఢిల్లీ పాఠశాలల్లో మొదలైన ఈ పథకం తరువాత కేంద్రీయ విద్యాలయాలకూ జవహర్ నవోదయ విద్యాలయాలకూ విస్తరించింది. విజయవాడలోని కేంద్రీయ విద్యాలయాలు, కృష్ణా జిల్లా వేలేరు నవోదయ ఈ పరిధిలోనివే. మూల్యాంకనంలోని 100 మార్కులలో క్రమశిక్షణకు 10, సభానియమాల పాటింపుకు 20, చర్చా నాణ్యతకు 30 కేటాయించారు. ప్రసంగస్థాయి, వాదబలం, సమాధానాలు అన్నీ ఆ 30లోనే ఇమడాలి. పైగా అధికారపక్షం, ప్రతిపక్షం ఒకే పాఠశాల విద్యార్థులు. మార్కులు పాఠశాల మొత్తానికి వస్తాయి. అందువల్ల ప్రతిపక్షం నిజంగా అధికారపక్షాన్ని ఇరుకున పెట్టడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. సభామర్యాదను నేర్పడం ఈ పథకం ఉద్దేశం. దానిని అది నెరవేరుస్తున్నది. కాని దానినే వాదశిక్షణగా భావిస్తే మధ్యస్థుని పని నాటక పరీక్షకుని పనిగా మారుతుంది.

భాషకు మార్కులు తగ్గిస్తే తెలుగు వక్తృత్వం దెబ్బతింటుందన్న అభ్యంతరం సహజం. దీనికి సమాధానం తగ్గించడంలో లేదు, విడదీయడంలో ఉన్నది. వాదనిర్ణయం ఒకటి, వక్తృత్వ గుణం మరొకటి. రెండు బహుమతులు, రెండు పట్టికలు. చక్కని తెలుగు మాట్లాడిన విద్యార్థికి గౌరవం దక్కుతుంది. తడబడుతూనైనా ఎదుటివాడి హేతువును సరిగ్గా పట్టుకున్న విద్యార్థికి తీర్పు దక్కుతుంది. ఆంగ్ల మాధ్యమంలో చదువుతూ తెలుగులో వాదించవలసిన పిల్లలకు, ఇంటి మాండలికంతో సభకెక్కే పల్లె పిల్లలకు ఈ విభజన అవసరం మరింత ఎక్కువ.

7. ముగింపు:
పై పరిశీలన నుంచి నాలుగు నిర్ణయాలు తేలుతున్నాయి. నిర్ణేత తన ప్రమాణాన్ని పోటీకి ముందే ప్రకటించాలి. ప్రతి వాదానికి వచ్చిన సమాధానాన్ని నమోదు చేయాలి; ఎదుటివాడి వాదాన్ని సరిగా అనువదించి ఖండించినవారికి అననుభాషణ దోషం లేనందుకు గుర్తింపు ఇవ్వాలి. పలికిన మాటలోని దోషాన్ని తాను చూడవచ్చు, పలకని ప్రమాణాన్ని తాను చేర్చరాదు. తీర్పుకు కారణాన్ని ఓడిన పక్షానికి అర్థమయ్యేటట్లు చెప్పాలి.

వీటిలో ఏదీ దిగుమతి సరుకు కాదు. మొదటి, నాలుగవ అంశాలకు పాలసీ డిబేట్‌లో ఆచరణరూపం కనిపిస్తున్నది. రెండవ, మూడవ అంశాలకు న్యాయశాస్త్రంలో సిద్ధాంతరూపం ఉన్నది. బహిరంగ ప్రమాణమన్న మౌలిక సూత్రం అవధానసభలో తెలుగు శ్రోతకు ఎప్పటినుంచో పరిచితం. ఉపాధ్యాయ శిక్షణలో వక్తృత్వ పోటీల నిర్వహణ చెప్పేచోట నిర్ణేత శిక్షణకూ పాఠ్యాంశంగా చోటు కల్పిస్తే, ఓడిన విద్యార్థి తాను ఎందుకు ఓడాడో తెలుసుకుని ఇంటికి వెళతాడు. చర్చాపోటీ విద్యగా మారేది అక్కడే.