బొమ్మ రైలు – ముఖ్యార్థం: ఆటిజం మనోవిశ్లేషణలో వస్తువు

ఆటిజం గల పిల్లల మనోవిశ్లేషణలో వస్తువుకున్న స్థానం వైద్యానికి మాత్రమే చెందిన విషయం కాదు. అది అర్థనిర్ణయ సమస్య కూడా. పిల్లవాడు విడవకుండా పట్టుకున్న వస్తువు దేనికి సంకేతమన్న ప్రశ్నకు ముందు, అది అసలు సంకేతమేనా అన్న ప్రశ్న ఉంది. ఈ మొదటి ప్రశ్నను దాటవేసిన వ్యాఖ్యానాల పరిమితిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మెలనీ క్లైన్ 1930లో ప్రకటించిన వ్యాసంలో డిక్ అనే నాలుగేళ్ల బాలుడి ఉదంతం ఉంది. లియో కానర్ 1943లో ఆటిజాన్ని వర్ణించడానికి ముందటిది కనుక ఆమె దీనిని స్కిజోఫ్రీనియా వర్గంలో చేర్చారు. ఆటిజం లక్షణాలను తరువాతివారు గుర్తించారు. రైళ్లు, స్టేషన్లు, తలుపులు, తలుపు పిడులు తప్ప మరేవీ డిక్‌ను ఆకర్షించేవి కావు. క్లైన్ పెద్ద రైలును తండ్రిగా, చిన్న రైలును డిక్‌గా పేర్కొన్నారు. బాలుడు చిన్న రైలును కిటికీ వైపు నడిపి స్టేషన్ అనగానే, ఆ స్టేషన్ తల్లి అని వ్యాఖ్యానించారు.

లక్షణకు ముఖ్యార్థబాధ, ముఖ్యార్థ సంబంధం, రూఢి లేదా ప్రయోజనం ఉండాలని మమ్మటుడు కావ్యప్రకాశంలో నిర్దేశించాడు. రైలు స్టేషనుకు వెళ్లడంలో ముఖ్యార్థానికి బాధ లేదు. కాబట్టి ఇక్కడి లక్ష్యార్థం బాలుడి చేష్టలో పుట్టినది కాదు, విశ్లేషకురాలు ఇచ్చినది. సాధారణ పద్ధతిని సడలించి, తనకున్న పూర్వజ్ఞానం ఆధారంగా వ్యాఖ్యానించినట్లు క్లైన్ స్వయంగా అంగీకరించారు. లకాన్ 1953–54 సెమినార్‌లో దీనిని దోషంగా కాక, బాలుడిలో భాషావ్యవస్థను నాటిన చర్యగా చూశారు. ఆ తరువాత డిక్ దాదిని కోరడం, అతని మాటలు పెరగడం క్లైన్ నమోదు చేశారు. అయితే మాట ఫలించడం వేరు, అర్థం సరైనది కావడం వేరు.

ఫ్రాన్సెస్ టస్టిన్ చర్చను అర్థం నుంచి స్పర్శకు మళ్లించారు. బొమ్మ కారును నడపక, అరచేతిలో బిగించి పట్టుకునే పిల్లవాడికి కావలసింది దాని గట్టిదనం. విన్నికాట్ చెప్పిన మెత్తని గుడ్డపీలిక ‘నేను కానిది’గా తొలిసారి సొంతమయ్యే వస్తువు, టస్టిన్ చూపిన వస్తువు శరీరంలో భాగంగా అనుభూతమై ఎడబాటును కప్పివేస్తుంది. అందుకే ఆమె దానిని ఎదుగుదలకు అడ్డంకిగా భావించారు. జాన్-క్లోద్ మాలెవాల్ అదే వస్తువును ఇతరులతో సంబంధానికి ఆసరాగా చూశారు. వస్తువును మాన్పించాలా, దానితోనే చికిత్స మొదలుపెట్టాలా అన్నది ఈ భేదంపై ఆధారపడుతుంది.

బెటెల్‌హైమ్ 1959లో వర్ణించిన జోయీ, ఊహా యంత్రాలు లేనిదే భోజనం చేయలేని బాలుడు. షికాగో పాఠశాల సిబ్బంది అతని తీగలను తొక్కకుండా నడిచేవారు. ఆచరణ వస్తువును గౌరవించింది; సిద్ధాంతం మాత్రం దాని వెనుక తల్లి నిరాదరణను వెదికింది. ఆధారం లేని ఆ ఆరోపణ భారాన్ని ఎందరో తల్లులు మోశారు. క్లైన్ స్టేషన్‌లోనూ, బెటెల్‌హైమ్ యంత్రంలోనూ అర్థం చివరికి తల్లి దగ్గరే ఆగడం గమనార్హం.

వస్తువుకు అర్థమే లేదనడం ఈ పరిశీలన సారాంశం కాదు. అది పిల్లవాడికి ఏం చేసిపెడుతున్నదో వర్ణించిన తరువాతే దేనిని సూచిస్తున్నదో అడగాలి. అభిధను విస్మరించిన వ్యంజన కావ్యంలో పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది. చికిత్సలో దాని మూల్యం పిల్లవాడు, అతని తల్లి చెల్లిస్తారు.