కాలిన ఇంటి యెదుట వాక్యోపదేశము: అగ్ని వచనములను మనము చదివే తీరుపై ఒక విమర్శ

2025 మే 18 ఆదివారము ఉదయము హైదరాబాదు పాతబస్తీలో, చార్మినార్‌కు దగ్గరనున్న గుల్జార్ హౌజ్ వద్ద ఒక భవనములో మంటలు లేచాయి. క్రింద దుకాణములు, పైన ఒకే కుటుంబపు నివాసము. ఎనిమిదిమంది పిల్లలతో సహా 17 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ప్రాణము తీసినది మంట కాదు, పొగ. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికముగా చెప్పారు. లోపలికి వెళ్లే దారి, మెట్లు ఇరుకైనవి.

ఆ కుటుంబము క్రైస్తవ కుటుంబము కాదు. అయితే మన సంఘములలోనూ ఇల్లు కాలి సర్వము పోగొట్టుకున్నవారున్నారు. ఎండకాలములో పూరిపాకలు తగలబడిన వాడలనుండి వచ్చినవారు మనకు క్రొత్తకాదు. ఇల్లు కాలినవానికి సువార్త ఏ నిరీక్షణను ఇస్తుంది? ఈ ప్రశ్నకు మన ప్రసంగవేదికలనుండి తరచుగా వినబడే మూడు జవాబులను వాటి వాక్యసందర్భములో పరీక్షించి, మరి తగిన వాక్యభాగము ఒకటి సూచించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

1. మూడు వాడుక జవాబులు

మొదటిది యెషయా 43:2. అగ్నిలో నడిచినా దేవుని ప్రజలు కాలిపోరనే ఆ వాగ్దానమును మనము తరచుగా ఒక రక్షణ కవచమువలె ప్రకటిస్తాము. మంట తప్పించుకొనిన విశ్వాసి సాక్ష్యము చెప్పినప్పుడు అది చక్కగా అతుకుతుంది. మంట తప్పనివాని సంగతేమి? అతని విశ్వాసములో లోపమున్నదని చెప్పకనే చెప్పినట్లవుతుంది. కాని ఈ మాటను మొదట విన్నవారెవరు? బబులోను చెరలోనున్నవారు. క్రీ.పూ. 587-586 ప్రాంతములో నెబూజరదాను యెహోవా మందిరమును, రాజనగరును, యెరూషలేములోని ఇండ్లన్నిటిని కాల్పించెనని 2 రాజులు 25:9 తెలుపుతున్నది. అనగా ఈ వాగ్దానము ఇండ్లు కాలిపోయినవారికే ఇవ్వబడినది. ఇండ్లు కాలవని అది వారికి చెప్పలేదు, చెప్పనూలేదు. మీ కథ ఆ బూడిదతో ముగియలేదు, నేను మీతోకూడ ఉన్నానని అది చెప్పింది. సందర్భమునుండి విడదీస్తే ఓదార్పు మాటయే నిందగా మారుతుంది.

రెండవది 1 పేతురు 4:12. పేతురు వాడిన ‘పురోసిస్’ అను గ్రీకు పదము దహనమును సూచిస్తుంది. అక్కడ అది శోధనకు ఉపమానము. తరువాతి వచనములు చూస్తే ఆ శోధన క్రీస్తు నామము నిమిత్తము కలిగే నింద అని స్పష్టమవుతుంది. పాత వైరింగు వలన వచ్చిన మంటకు ఈ వచనమును అన్వయించి, దేవుడు మిమ్మును పుటము వేస్తున్నాడని చెప్పుట వ్యాఖ్యాన దోషము. బిడ్డను పోగొట్టుకొనిన తల్లియెదుట అది క్రూరత్వము కూడ.

మూడవది 2 కొరింథీయులకు 5:1. భూలోకపు ఇల్లు పోయినా పరలోకములో ఇల్లున్నదని చెప్పి ముగిస్తాము. పౌలు అక్కడ గుడారమని చెప్పినది శరీరమును గూర్చి. పైగా ఆ గుడారములో మూలుగుచున్నామని వెంటనే ఒప్పుకుంటాడు. పరలోక నిరీక్షణ మన విశ్వాసమునకు పునాదియే, సందేహము లేదు. అయితే రేషన్ కార్డు, కూతురి సర్టిఫికెట్లు, పెండ్లి ఫొటోలు, తాతగారి బైబిలు కాలిపోయినవానితో మొదటిరోజే ఆ మాట అంటే, నీవు పోగొట్టుకున్నది లెక్కలోనిది కాదన్నట్లే వినబడుతుంది.

2. సిక్లగు: కాలిన ఊరిలో నిలిచిన విశ్వాసము

ఇల్లు కాలినవారిని గూర్చి నేరుగా మాట్లాడే వాక్యభాగము ఒకటి మనకున్నది: 1 సమూయేలు 30. సిక్లగు దావీదు స్వగ్రామము కాదు; సౌలుకు భయపడి పారిపోయినప్పుడు గాతు రాజైన ఆకీషు ఇచ్చిన ఆశ్రయము. మూడవ దినమున తిరిగి వచ్చేసరికి ఊరు కాలిపోయింది, భార్యాబిడ్డలు చెరపట్టబడ్డారు. ఇక్కడ వచనముల క్రమము గమనించదగినది. నాలుగవ వచనములో వారు ఏడ్చే శక్తి ఉడిగేవరకు ఏడ్చారు. ఆరవ వచనములో జనులు దావీదును రాళ్లతో కొట్టాలనుకున్నారు. ఆ తరువాతనే అతడు దేవునియందు ధైర్యము తెచ్చుకున్నాడు. గ్రంథకర్త ఆ ఏడ్పును మందలించలేదు, ఆ కోపమును దాచలేదు. మనమైతే ఆరవ వచనపు చివరి భాగమునే పాఠ్యాంశముగా తీసుకొని మిగిలినది వదిలివేస్తాము.

ఆ ధైర్యము ఒంటరి వీరుని ధైర్యము కూడ కాదు. ఇక్కడి క్రియకు మూలమైన ‘హజక్’ అను హెబ్రీ ధాతువే 23:16లోను ఉన్నది. అక్కడ యోనాతాను అడవికి వెళ్లి దేవునియందు దావీదు చేతిని బలపరచాడు. సిక్లగులో దావీదు తెచ్చుకున్న బలము ఒకప్పుడు స్నేహితుడు వచ్చి నేర్పిన బలమని చదువుట న్యాయమే.

ఆ నిరీక్షణ ఎలా కనబడిందో చూడండి. దారిలో విడువబడిన ఐగుప్తీయునికి తిండి, నీరు ఇచ్చారు. అలసిపోయి బెసోరు వాగు దగ్గర ఆగిపోయిన రెండువందలమందికి, యుద్ధమునకు వెళ్లిన నాలుగువందలమందితో సమానముగా పాలు ఇవ్వాలని దావీదు కట్టడ చేశాడు. ఇల్లు కాలినవారిలో కొందరు లేచి నడవలేరు. వారి వంతు తగ్గకూడదన్నదే ఆ కట్టడ.

3. ఈ వాక్యభాగపు పరిమితి

ఒక అభ్యంతరమును దాటవేయకూడదు. సిక్లగులో ఒక్కరూ చనిపోలేదు. పోయినదంతా తిరిగి దొరికింది. గుల్జార్ హౌజ్‌లో అలా జరగలేదు. తరుమవలసిన అమాలేకీయులు కూడ అక్కడ లేరు. కనుక ఈ అధ్యాయమును సమస్తము తిరిగి వస్తుందనే వాగ్దానముగా ప్రకటిస్తే, మొదట విమర్శించిన తప్పులోనికే తిరిగి వెళ్తాము. మనము తీసుకొనవలసినది దాని ముగింపును కాదు, అది చూపే దారిని.

మరణము సంభవించినచోట లూకా 13:4 మనకు సహాయము చేస్తుంది. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ అపరాధులా అన్న ప్రశ్నకు ప్రభువు కాదన్నాడు. మృతులను గూర్చి తీర్పు చెప్పే అధికారము మనకు లేదని దీని అర్థము; మృతులు అన్యమతస్థులైనప్పుడు ఇది మరీ గుర్తుంచుకొనవలసిన మాట. మారుమనస్సును గూర్చిన హెచ్చరికను ఆయన బ్రతికియున్నవారివైపు త్రిప్పాడు. ఒక్కటే ద్వారమున్న మన ఆరాధన మందిరములను, మోయలేనంత భారము మోస్తున్న వైర్లను సరిచేసుకొనుట ఆ మారుమనస్సునకు తగిన ఫలములలో ఒకటి కాదా?

పాతబస్తీకి తనదైన విలాప భాష ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తాను మాత్రము బ్రతికిన అమ్జద్ హైదరాబాదీ ఆ దుఃఖమును ఉర్దూ కవిత్వములో నిలిపాడు. పొరుగువారు తమ శోకమునకు మాటలు వెదుక్కున్న నగరములో, విలాపవాక్యములు, కీర్తనలు చేతనున్న సంఘము సాక్ష్యములకే సమయమిచ్చి విలాపమునకు సమయమివ్వకపోవుట విచారకరము.

ముగింపు

సంఘకాపరులకు మూడు సూచనలు. ఇల్లు కాలినవారి దగ్గరకు వెళ్లిన మొదటి దినములలో బోధించక వారితో ఏడ్వండి; రోమా 12:15 అదే కోరుతున్నది. తరువాత బెసోరు కట్టడను అమలుచేయండి: అద్దె, బియ్యము, పిల్లల ఫీజులు, పోయిన సర్టిఫికెట్లకు నకళ్లు. ఇవి సువార్తకు ముందుమాట కాదు, సువార్త శరీరము ధరించుటయే. చివరిగా, వారు తామే అడిగినప్పుడు పునరుత్థానమును గూర్చి సంకోచము లేకుండ చెప్పండి. చనిపోయినవారిని లేపే దేవుడే మన నిరీక్షణ. ఆ మాట వారికి నమ్మదగినదిగా వినబడుటకు, అంతకుముందు మనము వారి బూడిదలో కూర్చుని ఉండవలెను.