బండ మీది మచ్చకు పేరు పెట్టేవాళ్లు

బిర్యానీలో పడే రాతిపువ్వు కూడా లైకెనే. దాని దాయాదులు కొన్ని బండను ఎంత గట్టిగా కరుచుకుంటాయంటే, సుత్తి, ఉలి పట్టుకుని రాతి పెచ్చుతో సహా తీయాల్సిందే.

అసలు నేర్పు ఆ తర్వాతే. చిట్టి గిన్నెలాంటి ఫలనాంగాన్ని బ్లేడుతో పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద సిద్ధబీజాల పొడవు కొలుస్తారు. పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క, బ్లీచింగ్ ద్రావణం ఒక చుక్క వేసి రంగు మారుతుందేమో చూస్తారు. 1866లో లైకెన్ల శాస్త్రవేత్త నైలాండర్ చూపిన ఈ చిట్కా ఇప్పటికీ చెల్లుతోంది, చవక కూడా!

కన్ను మోసపోయే చోట డీఎన్ఏ కావాలి. లైకెన్‌లో శిలీంధ్రం, శైవలం కలిసి కాపురముంటాయి. జాతి పేరు మాత్రం శిలీంధ్రానిదే కాబట్టి దాని డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని చదువుతారు. ఇలాగే శాస్త్రవేత్త స్టీవెన్ లెవిట్ బృందం 2013లో రైజోప్లాకా మెలనాఫ్తాల్మా అనే లైకెన్ల గుంపులోంచి అయిదు కొత్త జాతులను విడదీసింది. వాటిలో కొన్నింటిని చూపుతోనే పోల్చుకోవడం నిపుణులకూ కష్టమే.