చేతి లెక్కే తొలి సాక్షి

బహుళ అంతస్తుల భవనానికి స్ట్రక్చరల్ డిజైన్ చేయడం ఇవాళ చాలావరకు కంప్యూటర్ పని. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లోని కన్సల్టెన్సీ ఆఫీసుల్లో స్టాడ్ ప్రో, ఈటాబ్స్ తెరవకుండా పని సాగదు. అమీర్‌పేటలోనో మరోచోటనో కోర్సు చేసి వచ్చిన యువ ఇంజనీరు ఉద్యోగంలో చేరిన కొద్దిరోజులకే మోడల్ గీయగలుగుతాడు. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి. కొన్నిసార్లు మోడల్ రన్ కాదు. కొన్నిసార్లు రన్ అవుతుంది కానీ హెచ్చరికలు వరుసకడతాయి. ఈ రెండూ పైకి కనిపించే జబ్బులు, మాన్యువల్ తిరగేస్తే మందు దొరుకుతుంది. మూడో రకం ఉంది: ఏ హెచ్చరికా లేకుండా రన్ అయి, చక్కని పట్టికల్లో తప్పు జవాబు ఇచ్చేది. భవనాలను కూల్చేది ఇదే. దీన్ని పట్టుకోవాలంటే సాఫ్ట్‌వేర్‌కు బయట, దానితో సంబంధం లేకుండా పుట్టిన ఒక అంకె చేతిలో ఉండాలి. ఆ అంకెను ఇచ్చేది కంప్యూటర్ల కంటే ముందునుంచీ ఇంజనీర్లు చేస్తూ వచ్చిన చేతి లెక్క. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడానికి ఇప్పటికీ అంతకన్నా మంచి సాధనం లేదు.

ఈ సంప్రదాయం చిన్నది కాదు. 1930లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హార్డీ క్రాస్ పది పేజీల పత్రంలో మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిని ప్రకటించాడు. అంతవరకు పెద్ద సమీకరణాల గుంపును సాధిస్తే తప్ప లొంగని ఫ్రేములు, కూడికలు తీసివేతలతో లొంగడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత వచ్చిన ‘కాని’ (Kani) పద్ధతి మన ఇంజనీరింగ్ కాలేజీల్లో తరాలపాటు పాఠమైంది. గాలికి, భూకంపానికి పక్కకు ఊగే ఫ్రేములకు పోర్టల్ పద్ధతి ఉండేది. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట 124 మీటర్ల ఎత్తున నిలబడింది, ఇవాళ మనం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదీ పుట్టకముందే. ఈ చేతి పద్ధతుల గొప్పతనం జవాబు ఇవ్వడంతో ఆగదు. ఒక జాయింట్ దగ్గర పుట్టిన మూమెంట్ పక్క బీమ్‌కు ఎంత వెళ్తుంది, కాలమ్ మీదికి ఎంత దిగుతుంది అన్నది ప్రతి అడుగులోనూ లెక్క వేసేవాడికి కనిపిస్తూ ఉంటుంది. బలం నడిచే దారి అలా మనసులో నాటుకుంటుంది. సాఫ్ట్‌వేర్ అదే పనిని క్షణంలో చేసిపెడుతుంది కానీ ఆ దారిని చూపించదు.

కంప్యూటర్ కూడికల్లో తప్పు చేయదు కదా అని అడగవచ్చు. నిజమే, చేయదు. అయితే అది లెక్కించేది మనం గీసిన మోడల్‌ను, కట్టబోయే భవనాన్ని కాదు. ఈ రెంటి మధ్య తేడా ఎంత ఖరీదైనదో నార్వేలోని స్లీప్‌నర్-ఏ ఉదంతం చెబుతుంది. సముద్రంలో గ్యాస్ వెలికితీత కోసం కట్టిన ఆ వేదిక కాంక్రీటు అడుగుభాగాన్ని 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గరి ఫ్యోర్డ్‌లో నీటిలోకి దించుతుండగా ఒక గోడ బద్దలై మొత్తం మునిగిపోయింది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. విశ్లేషణకు వాడిన నాస్ట్రాన్ పేరున్న ప్రోగ్రామే. పొరపాటు మోడల్‌లో జరిగింది. అడుగుభాగంలోని గదుల మధ్య త్రికోణాకార ఖాళీల గోడలను మోటు మెష్‌తో చూపించడంతో అక్కడి షియర్ ఒత్తిడి 47 శాతం తక్కువగా వచ్చింది, దాన్ని నమ్మి వేసిన స్టీలు చాలలేదు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా చేసిన విశ్లేషణ 62 మీటర్ల లోతున గోడ విరగాలని తేల్చింది, అది విరిగింది సుమారు 65 మీటర్ల దగ్గర. ఆ లోతున నీటి పీడనం చదరపు మీటరుకు 650 కిలోన్యూటన్ల దాకా ఉంటుంది. దాన్ని గోడ స్పాన్‌లో సగంతో గుణిస్తే అంచు దగ్గర షియర్ వస్తుంది. ఒక్క వరుస లెక్క. దాన్ని కంప్యూటర్ ఇచ్చిన అంకె పక్కన పెట్టి చూసి ఉంటే తేడా కళ్లకు కట్టేది. ఆ తర్వాత జరిగింది ఇంకా విలువైన పాఠం. బదులుగా కట్టే వేదికకు కంప్యూటర్ ఫలితాలు వచ్చేదాకా ఆగే వ్యవధి లేక, డిజైనర్లు స్లైడ్ రూల్ నాటి చేతి పద్ధతులతోనే డిజైన్ ముగించారు. ఆ వేదిక నిలిచింది.

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరపు క్రీడా మందిరం కథ మరో కోణం చూపిస్తుంది. దాని కప్పు స్టీలు స్పేస్ ఫ్రేమ్, కంప్యూటర్ విశ్లేషణతో డిజైన్ చేసింది. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు అది కూలింది. కొన్ని గంటల ముందు అక్కడ వేలమంది బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్లారు. పైభాగంలోని కడ్డీలకు మధ్యలో ఆసరా ఉన్నట్టు విశ్లేషణ భావించింది, నిజానికి ఆ ఆసరా చాలినంత లేదు. కడ్డీలు పక్కకు వంగిపోయాయి. ఈ కథలో మరచిపోకూడని ముక్క ఒకటుంది. కడుతున్నప్పుడే కప్పు కుంగుబాటును కొలిస్తే, లెక్క చెప్పినదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. ఆ సంగతి చెప్పినా డిజైన్ మీద అనుమానం పుట్టలేదు, కంప్యూటర్ లెక్కనే నమ్మారు. విడిగా వేసుకున్న అంచనా లేనిచోట, కళ్లెదుటి కొలత కూడా సాక్ష్యంగా నిలవలేకపోయింది.

అందుకే ఈ సంప్రదాయంలో మొదటి సూత్రం: ఫలితాల పేజీ తెరవకముందే అంచనా కాగితం మీద ఉండాలి. జవాబు చూశాక వేసే అంచనా ఆ జవాబు వైపే జారుతుంది. ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. ఐదు స్లాబుల అపార్ట్‌మెంటులో లోపలి కాలమ్ ఒకటి, దాని వాటాకు వచ్చే నేల 4 × 5 మీటర్లు, అంటే 20 చదరపు మీటర్లు. ఆర్‌సీసీ బరువు ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు కాబట్టి 150 మిల్లీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 3.75. ఫ్లోరింగ్ 1, నివాస గదుల లైవ్ లోడ్ 2. మొత్తం 6.75, ఇరవై చదరపు మీటర్లకు 135. కాలమ్ వాటాకు వచ్చే 9 మీటర్ల బీమ్‌ల మీద 230 మిల్లీమీటర్ల ఇటుక గోడ ఉంటే సుమారు 105. బీమ్‌లు, కాలమ్ సొంత బరువు మరో 25. అంతస్తుకు 265 కిలోన్యూటన్లు. పైకప్పు మీద గోడలు ఉండవు కనుక ఐదింటికీ కలిపి 1,220. సాఫ్ట్‌వేర్ ఆ కాలమ్ రియాక్షన్‌ను 1,100 నుంచి 1,400 మధ్య చూపిస్తే స్థిమితపడవచ్చు. 800 చూపిస్తే గోడల బరువు మోడల్‌లోకి ఎక్కలేదేమో వెతకాలి, ఎందుకంటే నాలుగు అంతస్తుల గోడలు 420. 1,600 చూపిస్తే స్లాబు సొంత బరువు రెండుసార్లు పడి ఉంటుంది, ఐదు స్లాబులది 375. స్లాబును గీస్తే దాని బరువును ఈటాబ్స్ తనే లెక్కలోకి తీసుకుంటుంది, దాని మీద మళ్లీ 3.75 వేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. తేడా ఎంతో తెలిస్తే రోగం పేరు కూడా తెలుస్తుంది. వెయ్యి రెట్ల తేడా వస్తే మీటర్లు, మిల్లీమీటర్ల గందరగోళం. పది రెట్ల దగ్గర ఉంటే కిలోగ్రాములకూ న్యూటన్లకూ మధ్య తికమక. ఇంకో తనిఖీకి మినహాయింపే లేదు: మోడల్ మీద పెట్టిన మొత్తం లోడు, పునాదుల దగ్గరి రియాక్షన్ల మొత్తం సమానం కావాలి. స్టాడ్ ఈ పట్టికను ముద్రించి ఇస్తుంది. ఆ రెండూ కలిస్తే పని అయిపోయినట్టు కాదు, ఆ మొత్తం మన చేతి లెక్కతోనూ కలవాలి.

బీమ్‌ల విషయంలో ఇంతకన్నా చక్కని తనిఖీ ఉంది. సమానంగా పరచిన లోడు కింద బీమ్ చివరలు ఎంత బిగిసి ఉన్నా, ఎంత వదులుగా ఉన్నా, రెండు చివరల మూమెంట్ల సగటుకు నడిమధ్య మూమెంట్‌ను కలిపితే లోడును స్పాన్ వర్గంతో గుణించి ఎనిమిదితో భాగించినంత రావాలి. మీటరుకు 30 కిలోన్యూటన్లు మోసే 5 మీటర్ల బీమ్‌కు ఇది 93.75. సాఫ్ట్‌వేర్ చివరల్లో 60, 64 చూపించి, మధ్యలో 31.75 ఇస్తే సరిపోయింది. మొత్తం అంతకు తగ్గితే లోడు బీమ్ మీదికి పూర్తిగా రాలేదు. మొత్తం కుదిరినా చివరలు సున్నా అయితే రిలీజ్ ఎక్కడో పొరపాటున పడింది. పక్కబలాలకు పోర్టల్ పద్ధతి ఇదే పని చేస్తుంది. నాలుగు కాలమ్‌ల ఫ్రేములో ఒక అంతస్తు షియర్ 240 కిలోన్యూటన్లు అనుకుంటే, లోపలివి బయటివాటికి రెట్టింపు మోస్తాయన్న లెక్కన బయటి కాలమ్‌కు 40, లోపలిదానికి 80. మూడు మీటర్ల ఎత్తులో సగం దగ్గర మూమెంట్ సున్నా అయ్యే మలుపు ఉంటుందనుకుంటే లోపలి కాలమ్ మూమెంట్ 120. సాఫ్ట్‌వేర్ అంకె దీనికి కొంత అటూఇటూగా ఉండటం సహజమే, నాలుగో వంతో నాలుగింతలో అయితే కాదు. అప్పుడు కాలమ్ తిప్పి పెట్టారేమో, పునాది దగ్గర సపోర్ట్ ఎలా ఇచ్చారో చూడాలి.

భూకంప లెక్కల్లో ఈ సంప్రదాయాన్ని మన కోడే పాటిస్తోంది. ఇన్‌ఫిల్ గోడలు లేని ఆర్‌సీసీ ఫ్రేముకు ఊగుడు కాలం ఎత్తు 0.75 ఘాతానికి 0.075 రెట్లని ఐఎస్ 1893 చెబుతుంది. 15 మీటర్ల భవనానికి ఇది 0.57 సెకన్లు. మోడల్ మొదటి మోడ్ 1 సెకను చూపిస్తే ఆలోచించాలి, 5 సెకన్లు చూపిస్తే ఏదో బీమ్ గాలిలో వేలాడుతోందని అర్థం. సాఫ్ట్‌వేర్ డైనమిక్ విశ్లేషణలో వచ్చిన బేస్ షియర్, ఈ సూత్రంతో తీసినదానికంటే తక్కువైతే ఫలితాలను ఆ మేరకు పెంచి తీరాలని 2016 నాటి కోడ్ ఆదేశిస్తుంది. అంటే కంప్యూటర్ అంకెకు చేతి లెక్క హద్దు గీస్తోంది. అంకెలతో పాటు కదలికనూ చూడాలి. ప్రతి మోడ్‌నూ యానిమేషన్‌లో కాసేపు గమనిస్తే ఏ కాలమ్‌కూ అతకని బీమ్, ఒకచోటే రెండు నోడ్‌లుగా పడి విడిపోయిన జాయింట్ తమంతట తామే బయటపడతాయి. జాయింట్ నిలకడగా లేదన్న హెచ్చరిక వచ్చినప్పుడు స్టాడ్ కొన్నిసార్లు బలహీనమైన స్ప్రింగును జోడించి లెక్క పూర్తిచేస్తుంది. రన్ అయింది కదా అని వదిలేస్తే ఆ జబ్బు డిజైన్‌లోకి దిగుతుంది. అలాంటప్పుడు మోడల్‌కు నకలు తీసుకుని, సొంత బరువు ఒక్కటే ఉంచి, సగం సగం తొలగిస్తూ పోతే దోషం ఏ మూల ఉందో త్వరగా తేలుతుంది. ప్రతి మార్పుకు ముందు ఏం జరగాలో రాసుకుని, తర్వాత రన్ చేయాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు బలమైనవే. చేతి లెక్కలోనూ మనిషి తప్పు చేస్తాడంటారు. చేస్తాడు. కానీ రెండు వేర్వేరు దారుల్లో నడిచినవాళ్లు ఒకే తప్పు దగ్గర కలుసుకోవడం అరుదు, విడిగా వేసిన లెక్క విలువంతా అందులోనే ఉంది. మరో సాఫ్ట్‌వేర్‌లో రన్ చేసి పోల్చుకుంటే చాలదా అంటారు. అదే ఇంజనీరు అవే ఊహలతో, అవే లోడ్లతో రెండో మోడల్ గీస్తే మొదటిదాని పొరపాటు నకలవుతుంది తప్ప బయటపడదు. వేరొకరు డ్రాయింగుల నుంచి కొత్తగా మోడల్ గీస్తే మాత్రం అది మంచి తనిఖీ. వంకర ఆకారపు భవనాలకు, డైనమిక్ ప్రవర్తనకు చేతి లెక్క అందదన్నది మూడో మాట. పూర్తి జవాబుకు అందదు, ఒప్పుకోవాలి. అయినా ఎంత వంకర భవనమైనా దాని బరువంతా పునాదికి దిగాల్సిందే, ప్రతి కాలమ్ తన వాటా మోయాల్సిందే. రెండు సులువైన ఊహల మధ్య జవాబును బంధించవచ్చు: చివరలు పూర్తిగా బిగిసినట్టు ఒకటి, పూర్తిగా వదులైనట్టు ఒకటి. సాఫ్ట్‌వేర్ జవాబు ఆ రెండింటి బయటికి వెళ్తే కారణం చెప్పగలగాలి. ఇక సమయం లేదన్న మాట. పైన చెప్పిన తనిఖీలన్నీ ఒక పూటలో పూర్తవుతాయి. ఆమోదం పొందిన డ్రాయింగులను సైట్‌లో స్టీలు కట్టాక వెనక్కి రప్పించడానికి పట్టే కాలంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

సాఫ్ట్‌వేర్‌ను తక్కువ చేయడానికి ఈ మాటలు చెప్పడం లేదు. వందలాది లోడు కలయికలను క్షణాల్లో పరీక్షించే శక్తి ఏ చేతికీ లేదు, దాన్ని వదులుకోవడం తెలివితక్కువ. అయితే ఆ శక్తి బాధ్యతను మోయదు. డ్రాయింగు కింద సంతకం ఇంజనీరుది, ఆ కప్పు కింద నిద్రపోయే కుటుంబాలు నమ్మేది ఆ సంతకాన్ని. కాబట్టి కాలేజీల్లో మూమెంట్ డిస్ట్రిబ్యూషన్‌ను, పోర్టల్ పద్ధతిని పరీక్ష పాఠాలుగా వదిలేయకుండా, విద్యార్థి గీసిన మోడల్‌నే వాటితో సరిచూడమని అడగాలి. శిక్షణ కేంద్రాలు ప్రతి కోర్సులోనూ ఒక తప్పుల మోడల్ ఇచ్చి దోషాలు వెతికించాలి. ప్రతి డిజైన్ ఆఫీసు ఫైల్లో కంప్యూటర్ రిపోర్టుకు ముందు, చేత్తో వేసిన లెక్కల కాగితం తేదీతో, సంతకంతో ఉండాలి. ఆ కాగితం లేని రిపోర్టు ఎన్ని వందల పేజీలున్నా, సరిచూడని డిజైన్ కిందే లెక్క.