బెర్నూలీ తూకంలో పొరుగువాని పాలు

టీకా వల్ల కలిగే ప్రమాదాన్నీ ప్రయోజనాన్నీ త్రాసులో వేసి చూడటం ఈనాడు ఆరోగ్యశాఖలకు నిత్యకృత్యం. ఈ తూకానికి గణితరూపం ఇచ్చిన తొలివారిలో ప్రముఖుడు స్విస్ శాస్త్రజ్ఞుడు డేనియల్ బెర్నూలీ. మసూచిని గురించి ఆయన 1760 ఏప్రిల్ 30న ప్యారిస్ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన వ్యాసం 1766లో అచ్చయింది. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఆ వ్యాసం పాతబడలేదు. దానిలోని లోపమూ పాతబడలేదు.

ఆయన తూచినది జెన్నర్ టీకాను కాదు. ఆవు మసూచి రసంతో వేసే ఆ టీకా 1796లో గాని రాలేదు. బెర్నూలీ నాటికి ఉన్నది అసలు మసూచి పొక్కులోని చీమునే ఆరోగ్యవంతుని చర్మంలోకి ఎక్కించే పద్ధతి. ఇస్తాంబూల్‌లో వాడుకలో ఉన్న ఈ పద్ధతిని గురించి 1714లోనే లండన్ రాయల్ సొసైటీకి సమాచారం అందింది. ఆంగ్ల రాయబారి భార్య లేడీ మేరీ మాంటెగ్యూ 1717లో ఎదిర్నె నుండి దీనిని వర్ణిస్తూ ఉత్తరం వ్రాసి, మరుసటి ఏడు ఇస్తాంబూల్‌లో తన కుమారునికే వేయించింది. చరిత్రకారులు ఆమె ధైర్యాన్ని పొగిడినంతగా, ఆ పని చేస్తూ వచ్చిన పేరు తెలియని ముసలమ్మలను తలచుకోరు.

బెర్నూలీ లెక్క సరళమైనది. మసూచి ఇంకా రానివారిలో ఏటా ఎనిమిదింట ఒకరికి అది సోకుతుంది; సోకినవారిలో ఎనిమిదింట ఒకరు మరణిస్తారు; చీము ఎక్కించుకున్నవారిలో రెండువందలకు ఒకరు పోతారు. ఇవి ఆయన అంగీకరించిన అంకెలు. వీటిని బట్టి, అందరూ వేయించుకుంటే సగటు ఆయుర్దాయం 26 సంవత్సరాల 7 నెలల నుండి మరో మూడేండ్లు పెరుగుతుందని తేల్చాడు. కనుక వేయించుకోవటమే మేలన్నది ఆయన తీర్పు.

అదే సంవత్సరం నవంబరులో అదే అకాడమీలో డలంబేర్ దీనిని ఆక్షేపించాడు. ఆయన ఈ పద్ధతికి విరోధి కాడు; ఆయనకు నచ్చనిది తూచిన తీరు. మూడేండ్ల లాభం ఎప్పుడో జీవితం చివర చేతికి వచ్చేది. మరణమే గనుక వస్తే కొద్దిరోజుల్లోనే వస్తుంది. ఈ రెంటికీ ఒకే పడికట్టురాయి ఎలా సరిపోతుంది? రాజ్యం సగటును చూస్తుంది, వ్యక్తి తన ప్రాణాన్ని చూసుకుంటాడు. ఈ ప్రశ్నను అజ్ఞానమని త్రోసివేయటం న్యాయం కాదు. పోలియో చుక్కల సీసాతో వాకిట నిలిచిన కార్యకర్తను ఒక తల్లి అడిగేదీ ఇదే.

ఉస్మానియా రాజ్యం 1869–1876 మధ్య వెలువరించిన ‘మజల్లా’ న్యాయస్మృతి ఆరంభంలో కొన్ని ఫిఖ్హ్ సూత్రాలున్నాయి. మేలు సంపాదించటం కన్నా కీడు తొలగించటం ముఖ్యమన్న 30వ సూత్రం పైకి డలంబేర్ పక్షాన ఉన్నట్లు తోస్తుంది. టీకాను కాదనదలచినవారికి అది సులువుగా చేతికందే ఆధారం. కాని మసూచి తానే ఒక కీడు. రెండు వైపులా కీడే ఉన్నప్పుడు తేలికైనదానిని ఎన్నుకోవాలన్న 29వ సూత్రం వర్తిస్తుంది. ఇంతవరకు గెలుపు బెర్నూలీదే. ఆయనను ఆపేది 25వ సూత్రం: ఒక హానిని అటువంటి హానితోనే తొలగించరాదు.

ఎందుకంటే చీము ఎక్కించుకున్నవాని నుండి పొరుగువానికి అసలు మసూచే అంటుకుంటుంది. వేయించుకున్నవాడు చాలావరకు తేలికగా బయటపడతాడు. పొరుగువాడు ఎనిమిదింట ఒకరన్న లెక్కలో పడతాడు. బెర్నూలీ త్రాసులో రెండు తట్టలూ ఒకే మనిషివి. ఏటా సోకే ఎనిమిదో వంతును ఆయన మారని అంకెగా తీసుకున్నాడు. ఎందరు వేయించుకుంటే అది ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో చూపే చోటు ఆ గణితంలో లేదు. అంటువ్యాధిని గురించిన లెక్కలో అంటు లేకపోవటం చిన్న లోపం కాదు. వ్యాధి వ్యాపిస్తుందన్న భయంతోనే 1763లో ప్యారిస్ ఉన్నత న్యాయస్థానం నగరంలో దీనిని నిలిపివేసింది. బ్రిటన్ 1840లో చట్టరీత్యా నిషేధించింది.

మసూచి అంతరించిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పొరుగువాని ప్రశ్న మాత్రం పోలియో రూపంలో నిలిచే ఉంది. పోలియో సోకినవారిలో సుమారు రెండువందలకు ఒకరికి శాశ్వత పక్షవాతం వస్తుంది. నోటి చుక్కల వల్ల పక్షవాతం వచ్చేది సుమారు 27 లక్షల మోతాదులకు ఒకసారి. వ్యాధి తిరుగుతున్న ఊరిలో ఇక తూచవలసిన పనే లేదు. పైగా 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రం వదంతులు నమ్మి దాదాపు పదకొండు నెలలు చుక్కలు ఆపితే, అక్కడి వైరస్ సూడాన్, యెమెన్, ఇండోనేషియాల దాకా వెళ్ళి అక్కడి పిల్లలను కుంటివారిని చేసింది. వేయించకపోవటం వల్ల పొరుగువానికి కలిగిన హాని ఇది.

అయితే చుక్కలలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్. అది బిడ్డ మలంతో బయటికి వస్తుంది. చుట్టుపక్కల పిల్లలకు అంటి సాధారణంగా వారికీ రక్షణనిస్తుంది. కాని టీకాలు సరిగా అందని చోట చాలాకాలం చేతులు మారితే పూర్వబలం పుంజుకుని పక్షవాతం కలిగిస్తుంది. వేయించటం వల్ల పొరుగువానికి కలిగే హాని ఇది. సహజమైన రెండవ రకం వైరస్ చివరిసారి కనిపించింది 1999లో, అలీగఢ్‌లో. ఆ తర్వాత చుక్కలలోని రెండవ రకం వల్ల ప్రమాదమే తప్ప అడ్డుకోవలసిన సహజ వ్యాధి లేదు. అయినా దానిని తీసివేసింది 2016 ఏప్రిల్‌లో. తీసివేయటమూ నిరపాయంగా జరగలేదు. ఆ రకానికి రక్షణ లేని పిల్లలు పెరిగి, ఆఫ్రికాలో టీకా నుండి పుట్టిన వైరస్ మరింత చెలరేగింది. ఒకసారి తూచి ముద్ర వేసి పెట్టుకునే తూకం కాదిది.

మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. చుక్కలు మారిన కొద్ది వారాలకే హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుండి పుట్టిన రెండవ రకం వైరస్ బయటపడింది. ఏ బిడ్డకూ పక్షవాతం రాలేదు. అయినా 2016 జూన్‌లో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడు లక్షల పిల్లలకు టీకా వేశారు; ఈసారి చుక్కలు కాదు, ఒకరి నుండి ఒకరికి అంటని నిర్జీవ వైరస్ సూది.